యాభైకి నలభైతొమ్మిది

వానాకాలం కొండకింద ఫైరింగు ఉండదు.
అందుకని నెల్లిమర్ల రోడ్డులో
మూతపడ్డ జూట్ మిల్లు గోడౌనొకటి
మూడు నెలలకి మాకిచ్చారు.
లోపల ఇంకా నార వాసనే.
గోడకి ఎడంగా నాలుగు మడతల గోనె పరదా,
దాని ముందు అట్టముక్క, నల్ల చుక్క.

తుపాకి గుళ్ళు యాభై. ఎర్ర ప్లాస్టిక్‌వి.
మందు లేదు, సీసం లేదు.
వెనక చిన్న టోపీ ఒక్కటే చిటుక్కుమంటుంది,
ఎండకి పెసరకాయ పగిలినట్టు.
ఆపాటి ఊపిరికే గుండు లేచి
కాగితానికి కన్నం పెట్టి
గోనె పొట్టకి తలకొట్టుకుని
కింద పడుతుంది.

నూకాలు ఏరుతుంది.
ఇదే మిల్లులో ఇరవైరెండేళ్ళు సంచులు కుట్టిన మనిషి.
చేటలో పోసి నాలుగు చెరుగులు చెరిగితే
పీచు గాలికి, గుళ్ళు చేటకి.
సబ్బునీళ్ళలో కడిగి, తువ్వాలు పరిచి
వడియాల్లా ఆరబెడుతుంది.
"ఇవి ఏ కూరలోకి బావూ?" అంటుంది రోజూ.
రోజూ నవ్వుతాను.

నా పేరు బగాది తవిటినాయుడు.
పుట్టగానే కుంచెడు తవుడుకి అమ్మేసి
మళ్ళీ కొనుక్కున్నారట, బతకాలని.
రిజర్వు లైన్సులో ముప్ఫై ఒక్కేళ్ళు
తుపాకులకి నూనె రాశాను, తూటాలకి లెక్క రాశాను.
ఇచ్చినవి, పేలినవి, మిగిలినవి: మూడు గడులు.
పేలినదానికి రుజువు ఖాళీ ఇత్తడి గొట్టం.
అది తెచ్చి అప్పజెబితే చాలు,
సీసం ఎక్కడికెళ్ళిందని
ఆ రిజిస్టరు ఎప్పుడూ అడగలేదు.

మా అమ్మ గడప దగ్గర నిలేసేది.
"ఎల్తాననకూడదురా, ఎల్లొస్తాననాల."
నా చేతిమీదుగా పోయినవేవీ
ఆ మాట అనలేదు.

ఇవి అంటున్నాయి.
సుగుణని ఒక హోంగార్డు పిల్ల, పాలకొండ వైపుది,
మొదటి రోజు ట్రిగ్గరు నొక్కాక కళ్ళు తెరవలేదు.
"తగిలిందా సార్?"
"తగిలింది. గోనెకి."
ఇప్పుడు ఐదు కన్నాలూ
ఒక్క రూపాయి బిళ్ళ కింద దాచగలదు.
బొటనవేలితో మళ్ళీ అదే గుండు నొక్కి పెట్టుకుంటుంది,
నిన్నటిదే, మొన్నటిదే.
ఒక్కోటి మూడొందలసార్లు వెళ్ళొచ్చుంటుంది.
మొనలు అరిగి, ఎరుపు వెలిసి,
బడిపిల్లల బలపం ముక్కల్లా ఉంటాయి.

గురువారం నలభైతొమ్మిదే వచ్చాయి.

లైట్లన్నీ వేయించాను. పరదా దులిపాం.
ఎలుక బొక్కలో పుల్ల పెట్టి కెలికాం.
ఎవరూ అడక్కుండానే సుగుణ జేబులు తిరగేసింది.
నూకాలు కొప్పు విప్పి విదిలించింది.
"పలాస్టిక్కుదే గదా బావూ, రూపాయుంటాదా?"
నాకు చెమట్లు.

నా ముప్ఫైనాలుగో ఏట
ఒక లారీ తిరిగొచ్చింది, రాత్రి.
ఇచ్చినవి వంద. మిగిలినవి తొంభైఏడు.
గొట్టాలు మూడూ ఉన్నాయి. లెక్క సరిపోయింది.
సంతకం పెట్టి, వెళ్ళి అన్నం తిన్నాను.
వంకాయ కూర.
ఊరి పేరు చెప్పను.

అప్పుడు వినబడింది ఈల.
బయట, తుప్పుపట్టిన కాటా మీద కూచుని
నూకాలు మనవడు
గుండు వెనక బోలుని కింది పెదవికి ఆనించి
బుగ్గలు పూరించి ఊదుతున్నాడు.
వాన తగ్గిన మిల్లు ఆవరణంతా
ఆ ఒక్క సన్నటి చప్పుడే.

"తాతా, ఇది పేలీసిందేటి?"
"సానాసార్లు."
"మరి ఎవులూ సచ్చిపోనేదేటి?"
చెయ్యి చాపాను.
ఇవ్వలేదు. ఇంకోసారి ఊదాడు.

రిజిస్టరులో మూడు గడులే.
స్కేలు పెట్టి నాలుగోది గీశాను.
పైన ఏం రాయాలో తెలీలేదు.
గీత కూడా
కొంచెం వంకరొచ్చింది.